ముందు కొలవండి, తర్వాతే కొనండి

టీవీలో వీడియో మధ్యలో ఆగి తెర మీద గుండ్రం తిరగడం మొదలవగానే మన ఇళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. "ఆ నెట్ అతనికి ఫోన్ చెయ్యండి" అని ఒకరు. "ప్లాన్ పెంచేద్దాం" అని ఇంకొకరు. "టీవీ పాతబడింది, ఈ పండక్కి మార్చేద్దాం" అని మరొకరు. మూడింటిలోనూ జరిగేది ఒకటే. లోపం ఎక్కడుందో చూడకముందే ఏం చేయాలో తేల్చేస్తున్నాం. పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే ముందు థర్మామీటర్ పెట్టి చూస్తాం. టీవీ విషయంలో మాత్రం నేరుగా మందుల షాపుకి వెళ్తున్నాం.

ఒకప్పుడు ఇది వినోదానికి సంబంధించిన చిన్న చికాకు. ఇప్పుడు రికార్డెడ్ పాఠాలు, ఫౌండేషన్ క్లాసులు, డౌట్ సెషన్లు, సెలవుల్లో ఇచ్చే ప్రాజెక్టు వీడియోలు అన్నీ ఇంటికే వస్తున్నాయి. ఫోన్‌లో చూస్తే కళ్లకు మంచిది కాదని మనమే పెద్ద తెర మీద చూడమంటున్నాం. కాబట్టి టీవీ ఆగితే సినిమా ఒక్కటే ఆగడం లేదు, లెక్క సగంలో ఆగుతోంది. అందుకే ఈ విషయం మీద నా అభిప్రాయం మూడు మాటల్లో చెబుతాను. ఒకటి, చాలాసార్లు ఈ సమస్య రూపాయి ఖర్చు లేకుండా ఇంట్లోనే తీరుతుంది. రెండు, దాన్ని వెతికే పని పిల్లలకే అప్పగించాలి. మూడు, ఇంట్లో తీరని భాగం ఒకటుంది, దాని బాధ్యత పాఠశాల కూడా తీసుకోవాలి.

ఆ గుండ్రం అసలేం చెబుతోంది?

మన ఇంటి మీద నీళ్ల ట్యాంకును తలచుకోండి. మోటారు నీళ్లు ఎక్కిస్తూ ఉంటుంది, కింద కుళాయి నుంచి మనం వాడుకుంటూ ఉంటాం. ఎక్కే నీళ్ల కంటే వాడే నీళ్లు ఎక్కువైతే కాసేపటికి కుళాయి ఆగిపోతుంది. వీడియో కూడా అంతే. సర్వర్‌లో అది కొన్ని సెకన్ల చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. టీవీ ఆ ముక్కల్ని వరుసగా తెచ్చుకుని, మనం చూస్తున్న చోటు కంటే కొంచెం ముందు వరకు దాచుకుంటుంది. ఆ నిల్వనే బఫర్ అంటారు. నిల్వ అయిపోయి కొత్త ముక్క ఇంకా రాకపోతే గుండ్రం తిరుగుతుంది.

ఒకే వీడియోకి సర్వర్‌లో పలు నాణ్యతల ప్రతులుంటాయి. నెట్ నెమ్మదించగానే టీవీ తనంతట తానే తక్కువ నాణ్యత ముక్కల్ని అడుగుతుంది. బొమ్మ ఉన్నట్టుండి మసకబారి, మళ్లీ తేటపడడం మీరు చూసే ఉంటారు. అది లోపం కాదు, ఆగిపోకుండా ఉండటానికి టీవీ చేసే సర్దుబాటు. ఆ సర్దుబాటు కూడా సరిపోనప్పుడే వీడియో ఆగుతుంది. అంటే గుండ్రం కనబడిందంటే మామూలు తగ్గుదల కాదు, దారిలో ఎక్కడో గట్టిగానే అడ్డు పడింది. ఆ చోటు కనిపెట్టాలి.

ఎంత వేగం కావాలి?

నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన వీక్షకులకు చెప్పే లెక్క ఇది: 720పీ నాణ్యతకు 3 ఎంబీపీఎస్, 1080పీకి 5, 4కే వీడియోకి 15. యూట్యూబ్ 4కేకి 20 అడుగుతుంది, 1080పీకి 5, 720పీకి 2.5, 480పీకి 1.1 చాలంటుంది. ఇప్పుడు మీ ఇంటి బిల్లు తీసి చూడండి. ప్లాన్ 40 ఎంబీపీఎస్ అని రాసి ఉంటే, 1080పీ పాఠానికి కావలసిన దానికంటే అది ఎనిమిది రెట్లు. హాల్లో టీవీ 4కేలో నడుస్తూ, ఒక గదిలో పిల్ల ట్యాబ్‌లో పాఠం వింటూ, మరో గదిలో తండ్రి ఆఫీసు వీడియో కాల్‌లో ఉన్నా 30 దగ్గరే సరిపోతుంది. అలాంటి ఇంట్లో ఒక్క టీవీ ఆగుతోందంటే ప్లాన్‌ని 100కో 200కో పెంచితే తీరుతుందని ఎలా అనుకుంటాం? ట్యాంకులో నీళ్లు నిండుగా ఉన్నాయి, పైపు మధ్యలో పూడుకుపోయింది. ఇంకో ట్యాంకు కొంటే నీళ్లు వస్తాయా?

ఇక్కడ ఒక చిన్న తికమక ఉంది. బిల్లులో రాసేది మెగాబిట్లు. ఫైళ్ల పరిమాణం చెప్పేది మెగాబైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అందుకని 100 ఎంబీపీఎస్ నెట్‌లో 100 ఎంబీ ఫైలు ఒక్క సెకనులో రాదు, ఎంత బాగా ఉన్నా ఎనిమిది సెకన్లు పడుతుంది. "వంద అని చెప్పి పన్నెండే ఇస్తున్నాడు" అని నెట్ ఇచ్చేవాళ్లతో గొడవపడే ముందు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్క మనకంటే త్వరగా చేసేస్తారు.

టీవీని ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే ఇళ్లకు మరో లెక్క. 5 ఎంబీపీఎస్ చొప్పున గంట వీడియో చూస్తే సుమారు 2.25 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ ఉన్నవారికి గంట లోపే అయిపోతుంది. ఆ తర్వాత చాలా ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. 480పీ వీడియోకి కావలసిన దానిలో అది పదిహేడో వంతు. అక్కడ ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేదు. అదే పాఠాన్ని మొదటి నుంచీ 480పీలో పెట్టుకుంటే గంటకు అర జీబీతో సరిపోతుంది, ఆ 2 జీబీ నాలుగు గంటలు వస్తుంది.

ఇంకో సంగతి. మన ఇళ్లలో ఉన్న 32 అంగుళాల టీవీల్లో చాలావాటి తెర 'హెచ్‌డీ రెడీ' రకం, అంటే 720పీకి కాస్త పైన. దాని మీద 1080పీ పెట్టినా తెర చూపగలిగింది తను చూపగలిగినంతే. అలాంటి టీవీలో సెట్టింగును 720పీకి మార్చుకుంటే నెట్ మీద భారం సగానికి తగ్గుతుంది, బోర్డు మీద అక్షరాలు మాత్రం అలాగే కనబడతాయి.

వెతకడం పిల్లలకు వదిలేయండి

సైన్సు ప్రయోగంలో ఒక నియమం నేర్పిస్తారు. ఒకసారికి ఒక్క చరరాశినే మార్చాలి, మిగతావన్నీ అలాగే ఉంచాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు. మనం టీవీ దగ్గర చేసేది సరిగ్గా ఆ తప్పే. రూటర్ ఆపి, టీవీ ఆపి, యాప్ తీసేసి మళ్లీ వేసి, పాస్‌వర్డ్ కూడా మార్చేస్తాం. ఆ పూటకి నడుస్తుంది. ఎందుకు నడిచిందో తెలియదు కాబట్టి వారం తిరక్కుండా మళ్లీ మొదటికొస్తుంది.

పిల్లల చేతికి ఒక నోటుబుక్కు ఇచ్చి ఈ వరుసలో చూడమనండి.

మొదటి పరీక్ష: టీవీ ఆగినప్పుడు అదే వీడియోని అదే వైఫై మీద, టీవీ పక్కనే నిలబడి ఫోన్‌లో పెట్టాలి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి ఉండాలి. ఫోన్‌లో చక్కగా నడిస్తే లోపం టీవీది కావచ్చు. ఫోన్‌లోనూ ఆగితే టీవీని వదిలేయండి.

రెండో పరీక్ష: అదే ఫోన్‌తో రూటర్ పక్కకు వెళ్లి మళ్లీ చూడాలి. అక్కడ నడిచి, టీవీ దగ్గర ఆగితే నేరం వైఫైది, దారిలో ఉన్న గోడలది. రూటర్ పక్కనా ఆగితే నెట్ లైను వైపు చూడాలి.

మూడో పరీక్ష: వేరే యాప్‌లో వేరే వీడియో పెట్టాలి. ఒక్క యాప్‌లోనే ఆగుతుంటే ఆ యాప్‌ని అప్‌డేట్ చేయాలి, లేదా ఆ సంస్థ సర్వర్ కోలుకునే వరకు ఆగాలి. మన ప్లాన్‌కి దానితో సంబంధం లేదు.

నాలుగో పరీక్ష: ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి వేగం కొలిచి రాయాలి. టీవీలోనే బ్రౌజర్ ఉంటే నెట్‌ఫ్లిక్స్ వారి ఫాస్ట్ డాట్ కామ్ పేజీ తెరిస్తే అంకె కనబడుతుంది. యూట్యూబ్‌లో 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' అనే ఆప్షన్ ఉంది. అది వీడియో నడుస్తుండగానే వేగం ఎంత, ముందుకు ఎన్ని సెకన్లు నిల్వ ఉంది అన్నది చూపిస్తుంది. ఆ నిల్వ అంకె తగ్గుతూ తగ్గుతూ సున్నాకు చేరగానే గుండ్రం ప్రత్యక్షమవడం పిల్లలు కళ్లారా చూస్తారు. పుస్తకంలో ఏ బొమ్మా దాన్ని అంత బాగా చెప్పలేదు.

నాలుగు పరీక్షలకీ కలిపి కావలసింది రెండు మూడు రోజులు, రోజుకు పది నిమిషాలు. ఆ నోటుబుక్కు పేజీ చేతిలో ఉంటే మీరు కస్టమర్ కేర్‌తో మాట్లాడే తీరే మారిపోతుంది. "నెట్ రావట్లేదండీ" అంటే వాళ్లు రూటర్ ఆపి వేయమంటారు. "నాలుగు రోజులుగా రాత్రి తొమ్మిదింటికి కేబుల్ పెట్టి చూసినా 40కి 6 దాటట్లేదు, ఉదయం 38 వస్తోంది" అంటే అవతలివాళ్లు తప్పించుకోలేరు.

వైఫై దగ్గర చిక్కు

లోపం వైఫైలో ఉందని తేలితే ముందు రూటర్ ఎక్కడుందో చూడండి. చాలా ఇళ్లలో అది వైరు ఎక్కడ లోపలికి వచ్చిందో అక్కడే ఉండిపోతుంది. చెప్పుల స్టాండు మీద, షోకేసు అద్దాల వెనక, ఇనప బీరువా పక్కన, కొన్నిచోట్ల టీవీ వెనకాలే గోడకి అతుక్కుని. ఇనుము సిగ్నల్‌ని అడ్డుకుంటుంది, చేపల తొట్టెలో నీళ్లు పీల్చుకుంటాయి, కాంక్రీటు శ్లాబు దాటాలంటే చాలా శక్తి పోతుంది. రూటర్‌ని ఇంటి మధ్యకు, భుజాల ఎత్తులో, బయటికి కనబడేలా పెట్టండి. దీనికి ఖర్చు కాసింత పొడవు వైరు మాత్రమే.

తర్వాత బ్యాండు. ఇప్పటి రూటర్లు ఎక్కువగా రెండు బ్యాండ్ల మీద పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళ్తుంది కానీ రద్దీ ఎక్కువ. బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, పక్క ఫ్లాట్ల రూటర్లు అన్నీ ఆ దారినే ఉంటాయి. అందులో ఒకదానితో ఒకటి తగలని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్టుమెంటులో ఇరవై రూటర్లుంటే ఆ మూడింటి మీదే తోపులాట. 5 గిగాహెర్ట్జ్ వేగంగా వెళ్తుంది, రద్దీ తక్కువ, గోడలు దాటడంలో మాత్రం బలహీనం. టీవీ, రూటర్ ఒకే హాల్లో ఉంటే 5కి కలపండి. నడుమ రెండు గోడలుంటే 2.4లోనే ఉంచి చానల్ మార్చి చూడండి. పాత టీవీలు కొన్ని 5ని అసలు అందుకోలేవు. టీవీ నెట్‌వర్క్ జాబితాలో ఆ పేరు కనబడకపోతే కారణం అదే కావచ్చు.

అన్నిటికంటే నమ్మకమైన మందు లాన్ కేబుల్. ఎంతో మంది ఇళ్లలో టీవీ వెనక ఆ రంధ్రం కొన్ననాటి నుంచి ఖాళీగానే ఉంది. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్ వరకే పనిచేస్తుంది. అయినా 4కేకి కావలసినది 15 నుంచి 20. పది మీటర్ల కేబుల్ ధర చాలా ఇళ్లలో ప్లాన్ పెంచితే ఒకటి రెండు నెలలకు అయ్యే అదనపు ఖర్చును మించదు. కేబుల్ ఒక్కసారి కొంటే చాలు. పెంచిన ప్లాన్‌కి మాత్రం నెలనెలా కట్టాలి.

ఇంట్లో ఎన్ని పరికరాలు నెట్ వాడుతున్నాయో కూడా లెక్కపెట్టండి. ఫోన్లు రాత్రిపూట ఫొటోలను క్లౌడ్‌కి ఎక్కిస్తుంటాయి. ల్యాప్‌టాప్ అప్‌డేట్ దింపుకుంటుంది. గుమ్మం మీది సీసీ కెమెరా రోజంతా వీడియో పైకి పంపుతూనే ఉంటుంది. పైకి వెళ్లే దారి నిండిపోతే కిందికి వచ్చే దారీ తడబడుతుంది, ఎందుకంటే ప్రతి ముక్క అడగడానికీ, అందిందని చెప్పడానికీ టీవీ పైకి కబురు పంపాలి. ఆ బ్యాకప్ సమయం అర్ధరాత్రికి మార్చుకుంటే సగం బాధ తగ్గుతుంది.

టీవీదే తప్పయితే

స్మార్ట్ టీవీ అంటే ఒక చిన్న కంప్యూటర్. చాలా టీవీల్లో మెమరీ మన ఫోన్లలో ఉన్న దానికంటే తక్కువ. రిమోట్‌తో ఆపినప్పుడు అది చాలావరకు నిద్రపోతుంది కానీ పూర్తిగా ఆగదు. నెలల తరబడి అలా సాగితే మందగిస్తుంది. గోడ స్విచ్ దగ్గర ఆపి, నిమిషం ఆగి, మళ్లీ వేయండి. వాడని యాప్‌లు తీసేయండి, యాప్ క్యాష్ ఖాళీ చేయండి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. అయినా నడవకపోతే, టీవీ తెర బాగుండి లోపలి బుర్ర మాత్రమే పాతబడిందన్నమాట. హెచ్‌డీఎంఐ పోర్టుకి తగిలించే ఫైర్ స్టిక్ లాంటి పరికరం కొన్ని వేల రూపాయల్లో ఆ బుర్రని మారుస్తుంది. బాగున్న తెరను ఎక్స్చేంజ్‌కి ఇచ్చేయనవసరం లేదు.

ఇక కొనకూడనివి. 'బూస్టర్' పేరుతో అమ్మే చౌక ఎక్స్‌టెండర్లు చాలావరకు ఒకే బ్యాండు మీద అందుకుని అదే బ్యాండు మీద తిరిగి పంపుతాయి, దాంతో వేగం సుమారు సగమవుతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనబడతాయి, వీడియో మాత్రం ఆగుతుంది. డీఎన్‌ఎస్ మారిస్తే వేగం పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగే చిట్కా కూడా అంతే. డీఎన్‌ఎస్ అనేది చిరునామా వెతికి పెట్టే పుస్తకం. వీడియో మొదలవడం క్షణం త్వరగా కావచ్చు, నడిచే వేగం మాత్రం మారదు. వీపీఎన్ పెడితే దారి ఇంకాస్త చుట్టు తిరుగుతుంది.

మన చేతిలో లేనిది కూడా ఉంది

కొన్నిసార్లు ఇంట్లో అన్నీ సవ్యంగానే ఉంటాయి. 2024 నవంబరు 15న అమెరికాలో జేక్ పాల్, మైక్ టైసన్‌ల బాక్సింగ్ పోటీని నెట్‌ఫ్లిక్స్ ప్రత్యక్ష ప్రసారం చేసినప్పుడు ఎందరికో బొమ్మ ఆగిపోయింది. ప్రపంచంలోనే పెద్ద స్ట్రీమింగ్ సంస్థకే ఆ రోజు తట్టుకోవడం కష్టమైంది. ప్రత్యక్ష ప్రసారంలో ముందుగా ఎక్కువ దాచుకునే వీలుండదు, అందుకే రికార్డు చేసిన పాఠం కంటే లైవ్ క్లాసు త్వరగా ఆగుతుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మన దేశంలోని స్ట్రీమింగ్ సంస్థలు కూడి, మొబైల్ నెట్‌వర్క్‌ల మీద వీడియో నాణ్యతను 480పీకి మించకుండా తగ్గించాలని నిర్ణయించుకున్నాయి. అందరికీ అందాలంటే ఒక్కొక్కరూ కొంచెం తగ్గించుకోవాలన్న సూత్రం అది. కోట్ల రూపాయల వ్యాపారం చేసే వినోద సంస్థలు పాటించిన ఆ సూత్రాన్ని పాఠాలు పంపే విద్యాసంస్థలు ఇంకా ముందే పాటించి ఉండాల్సింది.

అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ల ద్వారా పాఠాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి పాఠాలు ప్రసారం చేసింది. ఆ పాఠాలకు బఫరింగ్ లేదు. ఉపగ్రహం నుంచి వచ్చే ఒకే సంకేతాన్ని పది ఇళ్లు చూసినా పది లక్షల ఇళ్లు చూసినా భారం ఒకటే. స్ట్రీమింగ్‌లో ప్రతి ఇంటికీ విడివిడిగా ధార వెళ్లాలి. పాత పద్ధతి కదా అని మనం తీసిపారేసిన దాంట్లో అందరికీ సమానంగా అందే గుణం ఒకటుంది. కొత్త పద్ధతికి మారినప్పుడు ఆ గుణాన్ని మనమే తెచ్చిపెట్టుకోవాలి, దానంతట అది రాదు.

"ఆగితేనే మంచిది" అనేవారికి

"టీవీ ఆగిపోతే పీడా పోతుంది, పిల్లలు పుస్తకం పడతారు" అనే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆగిపోయిన టీవీ ముందు పిల్లలు పుస్తకం పట్టడం లేదు. తెర వైపు చూస్తూ కూర్చుంటున్నారు, లేదంటే ఫోన్ అడుగుతున్నారు. ఇరవై నిమిషాల పాఠం నలభై నిమిషాలవుతోంది. తెర ముందు గడిపే సమయం తగ్గాల్సింది పోయి రెట్టింపవుతోంది. ఎంతసేపు చూడాలన్నది ఇంట్లో మాట్లాడుకుని పెట్టుకోవలసిన నియమం. ఆ పని చెడిపోయిన వస్తువుకి అప్పగిస్తే, వస్తువు బాగైన రోజున నియమం ఉండదు. చూసే పదిహేను నిమిషాలు సవ్యంగా చూసి, స్విచ్ ఆపి లేవడం మంచి అలవాటు.

పాఠశాలకు నాలుగు విన్నపాలు

ఇక మన పాఠశాల వంతు. ఇన్ని పేజీల పత్రికలో తల్లిదండ్రులకు సలహాలు ఎన్నో ఇస్తాం, ఒక పేజీ తిరుగు సలహాకి కూడా ఉండాలి.

ఒకటి, ప్రతి పాఠాన్నీ 480పీలో కూడా అక్షరాలు చదవగలిగేలా తయారు చేయండి. బోర్డు మీద చిన్న అక్షరాలు, వెనక కదిలే రంగురంగుల బొమ్మలు వద్దు. కదలిక తక్కువున్న దృశ్యానికి డేటా కూడా తక్కువే పడుతుంది. మన ప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనే మాటకు కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచింది. ఆ 2 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లోనూ ఆగకుండా నడిచే పాఠమే అందరి పాఠం అవుతుంది.

రెండు, వీడియోని దింపుకునే వీలు కల్పించండి. చాలా టీవీలకు యూఎస్‌బీ పోర్టు ఉంది. శనివారం పిల్లలు పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే వారం పాఠాలు అందులో ఎక్కించి పంపవచ్చు. అప్పుడు నెట్ లేని ఊరికి సెలవుల్లో వెళ్లిన పిల్లలు కూడా తాతగారింటి టీవీలో చూసుకుంటారు. పాఠం కాపీ అవుతుందన్న భయం యాజమాన్యానికి ఉండటం సహజం. కానీ పాఠం అందకపోవడం దానికంటే పెద్ద నష్టం.

మూడు, వీడియోతో పాటు రెండు పేజీల నోట్సు పంపండి. వీడియో ఆగిన రాత్రి ఆ రెండు పేజీలే పాఠం.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. వీడియోని ఎంత శాతం చూశారో లెక్కపెట్టే యాప్‌లు ఇప్పుడు మామూలైపోయాయి. ఆ శాతాన్ని పిల్లల శ్రద్ధకు కొలతగా వాడకండి. 60 శాతం దగ్గర ఆగింది పిల్లాడి ఆసక్తి కావచ్చు, రూటర్ కావచ్చు, వీధి చివర కేబుల్ తెగి ఉండవచ్చు. యాప్‌కి ఆ తేడా తెలియదు. "మీ అబ్బాయి పాఠం పూర్తి చేయలేదు" అన్న మెసేజ్ ఇంటికి వచ్చాక తండ్రి అడిగే మొదటి ప్రశ్న రూటర్ గురించి ఉండదు. చేయని తప్పుకి మాట పడిన పిల్లలు తర్వాత వీడియోని మ్యూట్‌లో నడిపించి, శాతం నింపేసి, పక్కన ఆడుకోవడం నేర్చుకుంటారు. మనం శ్రద్ధని కొలుస్తున్నామనుకుంటాం, నిజానికి నేర్పేది నటనని. ఆ మెసేజ్‌కి బదులు క్లాసులో మరునాడు రెండు ప్రశ్నలు అడగండి, చూశాడో లేదో అప్పుడే తెలిసిపోతుంది.

ఈ ఆదివారం

మీ ఇంట్లో పిల్లలకు ఒక పేజీ మీద నాలుగు గడులు గీసి ఇవ్వండి: తేదీ, సమయం, చోటు, వేగం. ఆదివారం నుంచి బుధవారం వరకు రాయమనండి. ఏ గోడ దగ్గర అంకె పడిపోతోందో, ఏ సమయంలో తగ్గుతోందో వాళ్లే వేలు పెట్టి చూపిస్తారు. వాళ్లు చూపించాక కేబులా, రూటర్ జరపడమా, ప్లాన్ మార్చడమా అన్నది కలిసి తేల్చండి. కొన్ని ఇళ్లలో ప్లాన్ నిజంగానే చాలకపోవచ్చు, అప్పుడు పెంచండి. తెలిసి పెట్టిన ఖర్చు కాబట్టి బాధ ఉండదు.

ఆ పేజీ ఒక కాపీ క్లాస్ టీచర్‌కి కూడా పంపండి. ఒక సెక్షన్‌లో నలభై ఇళ్ల పేజీలు ఒక్కచోట చేరితే, పాఠం ఏ నాణ్యతలో పంపాలో, లైవ్ క్లాసు ఏ వేళకు పెట్టాలో పాఠశాల ఊహించాల్సిన పని ఉండదు. తల్లిదండ్రుల మీటింగులో "నెట్ సరిగా లేదు", "యాప్ సరిగా లేదు" అని ఒకరిమీద ఒకరం నెట్టుకోవడం ఆపి, చేతిలో అంకెలతో మాట్లాడుకోవచ్చు.